లోపం లేని తీగ

పోయిన నెల ఒక ఉదయం ఫోన్ తీసి చూస్తే మా ఊరి వాళ్ళ గ్రూపులో సామ్యేలు గారి ఫొటో ఉంది. చుట్టూ పూలదండ పెట్టి, కింద రెండు కొవ్వొత్తులు వెలిగించారు. ఫోన్లో కొవ్వొత్తులు ఆరిపోవు, అదొక సౌకర్యం. దాని కింద యాభై అరవై మంది దణ్ణం పెట్టే చేతుల బొమ్మలు పెట్టారు. బతికుండగా ఆయన సైకిల్ మీద ఎదురొస్తే కాలు పక్కకి తీయనివాళ్ళు కూడా ఉన్నారు అందులో. ఆ చేతుల్లో నావీ రెండున్నాయి. అందరికంటే ముందు పెట్టినవాళ్ళలో నేనొకణ్ణి. పెట్టాక కాఫీ తాగాను. తాగుతుంటే కూడా ఏమీ అనిపించలేదు. అలా ఏమీ అనిపించకపోవడాన్ని చూసుకుని, అప్పుడు భయమేసింది.

ఆయన్ని నేను 'గారు' అనడం ఇప్పుడే మొదలుపెట్టాను. నాకంటే పదిహేనేళ్ళు పెద్దవాడు. నాతో కలిసి ఏడెనిమిదేళ్ళు పనిచేశాడు. ఆయన నన్ను 'మూర్తి గారూ, మీరు' అనేవాడు. నేను 'సామ్యేలూ, నువ్వు' అనేవాణ్ణి. అందులో తప్పుందని మా ఇంట్లో గానీ, వీధిలో గానీ, ఆఫీసులో గానీ ఎవరికీ తోచలేదు. అన్నిటికీ 'అండి' తగిలించే మా గోదావరి మర్యాద గురించి పొరుగు జిల్లాల వాళ్ళు మెచ్చుకుంటుంటారు. ఆ మర్యాద ఎవరి ఇంటి గుమ్మం దగ్గర ఆగిపోతుందో వాళ్ళకి తెలీదు. మాకు తెలుసు.

మాది మండపేట దగ్గర కాలవ ఒడ్డున ఉన్న ఊరు. టౌను అనుకోవాలని దానికి మహా సరదా. నేను డిగ్రీ తప్పి ఖాళీగా తిరుగుతున్న రోజుల్లో రాంబాబు గారి కేబుల్ ఆఫీసులో చేరాను. రాంబాబు గారు రైసుమిల్లు వాళ్ళబ్బాయి. మిల్లులో దుమ్ము పడక, అన్నదమ్ములతో పడక, మేడ మీద నాలుగు పెద్ద డిష్‌లు పెట్టి ఊరంతటికీ తీగలు లాగించాడు. ఊళ్ళో వేరే ఎవరి దగ్గరా లేనిది ఆయన దగ్గర ఒకటుండేది, లోకల్ ఛానల్. పగలు పెళ్ళి వీడియోలు, పాత సినిమాలు, సాయంత్రం ఏడింటికి ఊరి వార్తలు. ఆ వార్తలు చదివేది నేను. కాలవకి నీళ్ళెప్పుడు వదులుతారో, కరెంటు ఎప్పుడు తీస్తారో, ఎవరి గేదె తప్పిపోయిందో, ఎవరి పెద్దకర్మ ఎప్పుడో చెప్పేవాణ్ణి. నడుం దాకా ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ. కెమెరా నడుం కిందికి రాదు కాబట్టి అంతవరకే నా సంస్కారం. నా గొంతు బాగుంటుందని అందరూ అనేవాళ్ళు. 'మూర్తి చెప్పాడంటే నిజమేనండి' అని కిళ్ళీకొట్టు దగ్గర ఒకాయన అనగా విని, ఆ వారమంతా మెడ నిటారుగా పెట్టి నడిచాను. ఊళ్ళో ఉన్నవాళ్ళందరూ నా కంటే ఒక మెట్టు తక్కువ అని నాకు గట్టి నమ్మకం. గేదె తప్పిపోయిన సంగతి చదివేవాడికి అంత గర్వం ఎక్కణ్ణించి వచ్చిందో ఇప్పుడు ఆలోచిస్తే రోత పుడుతుంది.

సామ్యేలు గారు లైన్‌మ్యాన్. పొడుగ్గా, కొంచెం ముందుకి వంగి ఉండేవాడు. ఒంటి మీద ఎప్పుడూ నల్ల టేపు వాసన. టేపు చుట్ట మణికట్టుకి గాజులా వేసుకునేవాడు. స్తంభం ఎక్కితే దిగేదాకా మాట్లాడేవాడు కాదు. ఎవరింట్లో బొమ్మలో చుక్కలు వస్తున్నా, టీవీ దగ్గరికి వెళ్ళకుండా ముందు వీధిలోకి వెళ్ళి తీగ వంక చూసేవాడు. వైద్యుడు నాడి చూసినట్టు తీగని రెండు వేళ్ళతో పట్టుకుని 'మూడో జాయింటు దగ్గర నీరు దిగిందండి' అనేవాడు. నూటికి తొంభైసార్లు అక్కడే ఉండేది. ఆయన లూథరన్ సంఘం మనిషి. కాలవ అవతల గుడి వీధిలో ఉండేవాడు, గుడి అంటే వాళ్ళ చర్చి. ఆ గుడిలో ఆదివారం ఆరాధనని లోకల్ ఛానల్లో వేయాలన్న ఆలోచన ఆయనదే. సంఘంలో ఎవరో కొన్న చిన్న కెమెరాని స్టాండుకి బిగించి, గుడి కప్పు మీంచి, కాలవ గట్టు మీంచి, లాకు వంతెన పక్కనుంచి మా ఆఫీసు దాకా తీగ తెచ్చాడు. తన సెలవు రోజుల్లో, తన చేతులతో. ఆదివారం పొద్దున్న మా ఇంట్లో అమ్మ ఇడ్లీ వేస్తుంటే టీవీలో అవతలి గట్టు పాటలు వచ్చేవి. 'కోరస్ బాగా పాడారే' అనేది మా అమ్మ. ఆ గట్టుకి ఆవిడ జన్మలో వెళ్ళలేదు.

ఆ ప్రసారం అసలు ఎవరి కోసమంటే, లేచి గుడికి వెళ్ళలేని వాళ్ళ కోసం. వాళ్ళలో రత్నకుమారి టీచర్ గారు ఒకరు. మిషన్ స్కూల్లో నాకూ, నాకంటే ముందు సామ్యేలు గారికీ అక్షరాలు దిద్దించిన మనిషి. రిటైరయ్యాక నూతి దగ్గర జారిపడి తుంటి విరిగి మంచాన పడ్డారు. పెళ్ళి చేసుకోలేదు. మేనకోడలు ఒకావిడ వచ్చి చూసుకునేది. ఆదివారం తొమ్మిదింటికి ఆవిడ తెల్లచీర కట్టించుకుని, జుట్టు దువ్వించుకుని, మంచం మీదే వెనక్కి ఆనుకుని కూర్చునేవారు. టీవీలో అందరూ లేచి నిలబడ్డప్పుడు ఈవిడ రెండు చేతులూ మంచం పట్టీ మీద పెట్టి ఒక జానెడు పైకి లేచేవారు. అది నేను చూశాను. ఒకసారి బిల్లు కోసం వెళ్ళినప్పుడు చూసి, బయటికొచ్చి స్నేహితుల దగ్గర అనుకరించి నవ్వించాను కూడా.

తర్వాత మేడల మీద గొడుగుల్లా చిన్న డిష్‌లు మొలవడం మొదలైంది. ఊళ్ళో ఒక డాక్టరు గారింటి మీద ఒకటి, మిల్లు ఓనరు ఇంటి మీద ఒకటి. వీళ్ళ టీవీలో బొమ్మ అద్దంలా ఉంటుందని పనిమనుషులు వీధి వీధికీ చెప్పారు. రాంబాబు గారికి కంగారు పుట్టింది. రాజమండ్రిలో పెద్ద కంపెనీ వాళ్ళని కలిసి వచ్చి, ఆఫీసులో అందరినీ కూర్చోబెట్టి, 'మనం డిజిటల్ అయిపోతున్నామయ్యా' అన్నాడు. ఏదో జబ్బు వచ్చినట్టు చెప్పాడు గానీ మొహంలో మాత్రం పెళ్ళికళ. ఇంటింటికీ ఒక పెట్టె పెడతారు. సిగ్నలు రాజమండ్రి నుంచి వస్తుంది. పాత లైను ఆపేస్తారు. మిగతావాళ్ళు లేచి వెళ్ళాక, మరి మన లోకల్ ఛానలో అని అడిగాను. అది ఆ పెట్టెల్లోకి వెళ్ళాలంటే వేరే మిషను కొనాలట. 'అదెందుకయ్యా, గేదెల వార్తలకి?' అన్నాడు. నా మొహం చూసి, 'నిన్ను మేనేజరుని చేస్తాను. ఏసీ రూములో బల్ల. ఈ విషయం ఇప్పుడే ఎవరికీ చెప్పకు, పెట్టెలు తీసుకోరు,' అన్నాడు. బల్ల అనగానే నా గేదెలూ, నా వార్తలూ, నా గొంతూ అన్నీ కాలవలో కలిసిపోయాయి. ఒక బల్లకి ఎంత అమ్ముడుపోవచ్చో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలీదు.

ఇళ్ళని సిద్ధం చేసే పని నాకూ సామ్యేలు గారికీ పడింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంటింటికీ వెళ్ళేవాళ్ళం. నేను ముందు గదిలో కూర్చుని మాట్లాడేవాణ్ణి. ఆయన పెరట్లోంచి పిట్టగోడ ఎక్కి తీగ చూసేవాడు. నాకు గాజు గ్లాసులో మజ్జిగ వచ్చేది. ఆయనకి చెంబుతో నీళ్ళు, అదీ అడిగితే. ఇళ్ళన్నీ ఒకే వాసన, మాగాయ, కిరసనాయిలు, ఎండబెట్టిన వడియాలు. ప్రతి ఇంట్లో టీవీ మీద ఎవరో కుట్టిన లేసుగుడ్డ, దాని మీద ప్లాస్టిక్ పూలు, రిమోటు మీద అది కొన్ననాటి పాలిథిన్ కవరు. ఆ కవరు చిరిగిపోయి అంకెలు కనబడకపోయినా తీయరు. రిమోటు అరిగిపోతుందట. వాళ్ళు అడిగే ప్రశ్నలు నేను రోజూ సాయంత్రం ఆఫీసులో చెప్పి నవ్వించేవాణ్ణి. పాత నలుపు తెలుపు సినిమాలు ఇందులో రంగుల్లో వస్తాయా అని ఒకావిడ. పెట్టెకి ఎండ తగలాలా అని ఒకాయన. మైల ఉన్నప్పుడు ముట్టుకోవచ్చా అని ఒక ముసలమ్మ. అన్నిటికీ 'అలాగేనండి, వస్తుందండి, పర్లేదండి' అనేవాణ్ణి. ప్రభుత్వం వారి ఉత్తర్వు అని కూడా చెప్పేవాణ్ణి. మాలాంటి ఊళ్ళకి ఆ ఉత్తర్వు నిజంగా వచ్చింది ఇంకా కొన్నేళ్ళకి. ఆ రోజుల్లో ఉత్తర్వు వేసింది రాంబాబు గారొక్కడే. వాళ్ళు అమాయకంగా అడిగారు, నేను తెలిసి అబద్ధాలు చెప్పాను, అయినా వెటకారం మాత్రం వాళ్ళ మీద. 'డిజిటల్' అనే మాటని నాలుక మీద చప్పరిస్తూ పలికేవాణ్ణి. దానికి అర్థం ఏమిటని ఎవరైనా ఎదురడిగితే నాకూ తెలీదు.

గుడి వీధి దగ్గర పని ఆగింది. అక్కడ ఇరవై పైచిలుకు ఇళ్ళు. టీచర్ గారు ఊఁ అంటేనే ఊఁ. ఒకే లైను మీద సగం పాత, సగం కొత్త కుదరదు. ఆ వీధి వద్దంటే వాళ్ళ కోసం పాత లైను ఇంకో ఏడాదైనా నడపాల్సిందేనని రాంబాబు గారే ఒప్పుకున్నాడు. పాత లైనుంటే లోకల్ ఛానల్ ఉంటుంది, ఆరాధన ఉంటుంది. అంటే ఆవిడ మంచం మీంచి వద్దని ఒక్క మాటంటే చాలు. అందుకని నన్ను పంపించాడు.

వెళ్ళేసరికి మేనకోడలు ఆవిడ కాళ్ళకి కొబ్బరినూనె రాస్తోంది. నన్ను చూసి టీచర్ గారు దుప్పటి లాక్కున్నారు.

"ఏరా మూర్తీ, పదమూడో ఎక్కం ఇప్పటికైనా వచ్చిందా?"

"వచ్చిందండి టీచర్ గారూ."

"రాలేదని నీ మొహమే చెబుతోంది. టీవీలో మాత్రం తెగ మాట్లాడేస్తావు. సరే, ఒక్కటి అడుగుతాను. తిప్పకుండా చెప్పు. ఈ పెట్టెలో ఆదివారం ఆరాధన వస్తుందా, రాదా?"

"వస్తుందండి. ఇంకా బాగా వస్తుంది. పాస్టరు గారి కళ్ళద్దాల మీద మరక కూడా కనబడుతుంది."

ఆవిడ నవ్వారు. "మరకతో నాకేం పనిరా. మాట వినబడితే చాలు." తర్వాత గుమ్మం బయట నిలబడ్డ సామ్యేలు గారి వైపు చూశారు. "ఏరా సామ్యేలూ, నువ్వు చెప్పు. వీడు చిన్నప్పుడు కూడా సుద్దముక్క తినేసి తినలేదనేవాడు."

సామ్యేలు గారు చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. "మూర్తి గారు చెప్పారు కదండీ. పెట్టె సంగతి నాకు తెలీదు గానీ, తీగ నాదండి. తీగ సంగతి నేను చూసుకుంటాను."

"అయితే సరే. నీ మాట మీద," అన్నారు ఆవిడ. నా మాట మీద కాదు. అది నాకు అప్పుడు గుచ్చుకుంది. అవమానంగా అనిపించింది. ఆ కాస్త గుచ్చుకోవడం వల్లే తర్వాత నేను చేసింది అంత తేలిగ్గా చేయగలిగానేమోనని ఇప్పుడు అనుమానం.

పాత లైను ఆపడానికి రాంబాబు గారు ముహూర్తం పెట్టించాడు. కంట్రోల్ రూము, అంటే మిషన్లన్నీ ఉండే గది, దానికి కొత్తగా అద్దాలు, ఏసీ. బీరువాలాంటి మిషను మీద పసుపు, కుంకుమ, నిమ్మకాయ. గోడకి నాలుగు దేవుడి పటాలు. పంతులు గారు మిషన్ వంక అనుమానంగా చూసి, 'కొత్తదానికి పూజ చేస్తాం సరే, పాతదాన్ని ఆపడానికేం చేయాలండీ?' అన్నాడు. ఎవరో, 'వినాయకుడికి చేసినట్టే ఉద్వాసన చెప్పేయండి,' అన్నారు. అందరూ నవ్వారు. ఆయన మాత్రం నిజంగానే అక్షింతలు వేసి మూడుసార్లు మిషన్ని కొంచెం కొంచెం ఉత్తరానికి కదిపించాడు. ఆ కదపడంలో వెనకాల రెండు తీగలు ఊడొచ్చాయి. రాంబాబు గారు స్విచ్చి నొక్కాడు. ఊరంతా టీవీలు నల్లబడ్డాయి. నేను చప్పట్లు కొట్టాను.

అప్పణ్ణించి ఆ గదికి ఒక నియమం వచ్చింది. దేవుడి పటాలున్నాయి కాబట్టి చెప్పులు బయట. అది అందరికీ. సామ్యేలు గారికి మాత్రం మనిషే బయట. ఎవరూ బోర్డు రాసి పెట్టలేదు. 'ఏసీ పోతుంది, నువ్వు అక్కణ్ణించే చెప్పు సామ్యేలూ,' అన్నాడు రాంబాబు గారు మొదటిసారి. అంతే. ఆ మాటలోది ఏసీ కాదని ముగ్గురికీ తెలుసు. అప్పటిదాకా ఏడెనిమిదేళ్ళు ఆ గదిలో పాములా ఇరుకు సందుల్లో పడుకుని జాయింట్లు వేసినవాడు, గడప ఇవతల నిలబడ్డాడు. గుడి నుంచి తను తెచ్చిన తీగ చివర ఆ గదిలో, బీరువా వెనక, దేనికీ కలవకుండా టేపు చుట్టి వేలాడుతోంది. చుట్టింది నేనే.

మొదటి ఆదివారం తొమ్మిదింపావుకి ఫోన్లు మొదలయ్యాయి. నేను అందరికీ చెప్పిన తొంభై తొమ్మిదో నంబరులో నల్లగా తప్ప ఏమీ లేదు. సంఘపెద్ద దానియేలు గారు, ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో గుమస్తాగా చేసి రిటైరైన మనిషి, ఫోన్లో మెత్తగా అడిగారు. "ఏమైందండీ మూర్తి గారూ? టీచర్ గారు ముస్తాబై కూర్చున్నారు."

నిజం చెప్పడానికి అరనిమిషం పడుతుంది. నేను ఆ అరనిమిషం కూడా ఆలోచించలేదు. "తీగలో ఎక్కడో లోపం ఉందండి. సామ్యేలుకి చెప్పాను, చూస్తున్నాడు."

సామ్యేలు గారు అప్పటికే గుడిలోంచి పరిగెత్తుకుని వచ్చి గడప దగ్గర రొప్పుతున్నాడు. ఆదివారం చొక్కా చెమటకి తడిసిపోయింది.

"లోపల కలిపారా అండీ?"

"కలిపాను సామ్యేలూ. లోపం బయటే. చూడు."

"ఒక్కసారి లోపలికొచ్చి చివర చూసుకుంటానండి."

"పటాలున్నాయి కదా. ఓనరు గారు కేకలేస్తారు."

ఆయన నా మొహం వంక ఒక్క క్షణం చూశాడు. "అలాగేనండి," అని వెళ్ళిపోయాడు.

మూడు వారాలు వెతికాడు. గుడి కప్పు దగ్గర మొదలుపెట్టి ప్రతి జాయింటూ విప్పి, గీకి, మళ్ళీ వేశాడు. లాకు వంతెన దగ్గర నడుంలోతు నీళ్ళలో నిలబడ్డాడు. ఆఫీసు పని అయ్యాక, ఎండలో, ఒక్కడే. గట్టు మీద వెళ్ళేవాళ్ళు 'ఏం సామ్యేలూ, కొర్రమేను పడిందా?' అని వేళాకోళం చేసేవాళ్ళు. కాలవ దాటే ముక్క మొత్తం తీసేసి కొత్త తీగ కూడా వేశాడు. వేసి గడప దగ్గరికొచ్చి 'ఇప్పుడు చూడండి మూర్తి గారూ,' అనేవాడు. నేను ఆ బీరువా వెనక్కి వెళ్ళినట్టు నటించి, గోడకి ఎదురుగా నిలబడి ఇరవై దాకా లెక్కపెట్టి వచ్చి 'రాలేదయ్యా,' అనేవాణ్ణి. ఇది ఎన్నిసార్లు చేశానో చెప్పను. గుర్తులేక కాదు.

ఈలోగా ఊళ్ళో మిగతావాళ్ళు లోకల్ ఛానల్ ఏదని అడగసాగారు. అబద్ధం ఒకటి తయారుగా ఉంది కాబట్టి దాన్నే సాగదీశాను. గుడి తీగలో లోపం వల్ల మొత్తం లోకల్ లైనే దెబ్బతిందని చెప్పాను. జనం నమ్మారు. నమ్మి రెండు నెలల్లో మర్చిపోయారు. బొమ్మ అద్దంలా వస్తుంటే, సీరియల్లో కోడళ్ళ నగలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేలా కనిపిస్తుంటే, కాలవకి నీళ్ళెప్పుడొస్తాయో ఎవరికి కావాలి? 'మూర్తి చెప్పాడంటే నిజమే' అన్న ఊరు నా గొంతు లేకుండా ఒక్క పూట కూడా బెంగపడలేదు. ఆ ఊరిని ఏమనాలి? ఆ ఊరి నమ్మకం కోసం మెడ నిటారుగా పెట్టుకున్న నన్ను ఏమనాలి?

నాలుగో ఆదివారం మర్నాడు టీచర్ గారు మా ఇద్దరినీ పిలిపించారు. గదిలో దానియేలు గారు, వీధిలో ఇంకో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. ఆవిడ అరవలేదు. పిల్లాడు తప్పు రాస్తే పలక తిప్పి చూపించినట్టు మాట్లాడారు.

"తీగ నాది అన్నావు కదరా సామ్యేలూ. చేతకాకపోతే చేతకాదని ముందే చెప్పొచ్చు. నీ మాట మీద వీధంతటినీ ఒప్పించాను. ఇప్పుడు నేనూ అబద్ధాలదాన్నే కదా."

ఆయన నా వైపు చూశాడు. చెప్పమనో, అడగాలనో, ఊరికేనో నాకు తెలీదు. నేను ఆ సెట్‌టాప్ బాక్సు వైపు చూశాను. దాని మీద చిన్న ఎర్రదీపం వెలుగుతోంది. దాన్నే చూస్తూ ఉన్నాను. కొంతసేపటికి ఆయన, "ఇంకోసారి వెతుకుతానండి," అన్నాడు. "వద్దులే," అన్నారు ఆవిడ.

నెల తిరక్కుండా సామ్యేలు గారు పని మానేశాడు. మండపేటలో ఒక మిల్లులో మోటార్ల దగ్గర చేరాడని విన్నాను. మరుసటి వానాకాలంలో టీచర్ గారు పోయారు. చివరి దాకా ఆదివారాలు తెల్లచీర కట్టించుకునేవారట. టీవీ మాత్రం పెట్టించుకునేవారు కాదట. నాకు బల్ల వచ్చింది. రెండేళ్ళకి రాంబాబు గారు తీగల్నీ, పెట్టెల్నీ, గదినీ, పటాల్నీ ఆ రాజమండ్రి కంపెనీకే ఇచ్చేసి వేరే వ్యాపారంలోకి వెళ్ళిపోయాడు. బల్ల కూడా పోయింది. నేను రాజమండ్రి వచ్చేసి, ఒక ఆఫీసులో కూర్చుని, ఇన్నాళ్ళూ మర్యాదస్తుడిగానే బతికాను.

ఆ ఫోన్ సందేశం వచ్చిన వారానికి, సామ్యేలు గారింటి ముందు పందిట్లో జరిగిన జ్ఞాపకార్థ కూడికకి వెళ్ళాను. వెళ్ళింది గౌరవంతోనని ఇంట్లో చెప్పాను. దానియేలు గారు బాగా ముసలివారయ్యారు. అయినా మైకు పట్టుకుంటే వదలరు. సామ్యేలు గారి మంచితనం గురించి నాలుగు మాటలు చెప్పి, నవ్వుతూ, ప్రేమగానే అన్నారు. "ఊళ్ళో అందరి తీగలూ బాగుచేశాడు గానీ, పాపం, మన గుడి తీగ ఒక్కటే బాగుచేయలేకపోయాడు. ఆ తీగ పైలోకంలో ప్రభువే కలపాలి." అందరూ నవ్వారు. కన్నీళ్ళ మధ్య వచ్చే మెత్తటి నవ్వు. నేనూ నవ్వాను. మొదటి వరసలో కూర్చున్న సామ్యేలు గారి భార్య మార్తమ్మ గారు నవ్వలేదు. తల వంచుకుని, వేళ్ళతో కొంగు మడతలు పెట్టుకుంటోంది.

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళి చెప్పాను. కూర్చోమంది, కూర్చున్నాను. మొత్తం చెప్పాను, టేపు, గోడ, ఇరవై దాకా లెక్క, అన్నీ. ఆయనకి ఎప్పుడైనా తెలిసిందా అని అడిగాను. ఆయనకి తెలిసే ఉంటుందని, తెలిసి క్షమించి ఉంటాడని ఆవిడ అంటుందని ఆశ. మనిషి ఎంత నీచుడైనా తనకి ఎదుటివాళ్ళు సిద్ధం చేసి పెట్టాల్సిన ఓదార్పు ఏమిటో ముందే ఆలోచించుకుని వెళతాడు.

"తెలిస్తే అన్నం తింటూ తింటూ ఆగిపోయేవారా అండీ?" అంది. "'లాకు వంతెన కింద జాయింటు ఒకటి సరిగా చూడలేదేమో మార్తా' అనేవారు. మొన్న ఆస్పత్రిలో కూడా అన్నారు."

నేనేదో అనబోయాను.

"నాతో చెప్పడానికి వచ్చారేంటండీ? తీగ బాగాలేదని నేనెప్పుడన్నాను? అన్నవాళ్ళకి చెప్పండి."

ఆ ఆదివారం గుడికి వెళ్ళాను. ఆ గట్టు మీద గుడిలో అడుగుపెట్టడం అదే మొదలు. మధ్యలో ఒక ఫోను స్టాండుకి బిగించి ఉంది. ఇప్పుడు ఆరాధన దాన్లోంచే ఎక్కడెక్కడికో వెళుతుంది. తీగ లేదు, స్తంభం లేదు, గడప దగ్గర నిలబెట్టాల్సిన మనిషి లేడు. అప్పుడు ఒక మనిషి నెలల తరబడి భుజాల మీద మోసి తెచ్చినదాన్ని ఇప్పుడు వేలితో నొక్కి పంపిస్తున్నారు. బాగుంది. కాదనను. అయితే ఇప్పుడు ఏదైనా ఆగిపోతే 'నెట్‌వర్క్' అంటారు, ఎవరి పేరూ చెడదు. అప్పట్లో పేరు చెడడానికి ఒక మనిషి తయారుగా ఉండేవాడు. మాకు అది ఎంతో అనువుగా ఉండేది.

ఆరాధన అయ్యాక పాస్టరు గారి అనుమతి తీసుకుని లేచి నిలబడి చెప్పాను. మైకు వద్దన్నాను, గొంతు చాలుతుందని. ఆ గొంతు సగంలో పోయింది. అయినా అందరికీ అర్థమయ్యేంత చెప్పాను. తర్వాత దానియేలు గారు లేచి, కళ్ళజోడు తుడుచుకుంటూ, "పోనీలెండి మూర్తి గారూ. ఎప్పటి సంగతో. ఇంత దూరం వచ్చి చెప్పారు, అదే గొప్ప," అన్నారు. చుట్టూ తలలూగాయి. ఎవరో నా భుజం తట్టారు కూడా. ఒక్క నిమిషంలో నన్ను మంచివాణ్ణి చేసేశారు. మా వైపు జనానికి ఇది వెన్నతో పెట్టిన విద్య. తప్పు చేసినవాడు ఇస్త్రీ చొక్కాతో వస్తే, ముందు వాడికి కుర్చీ వేస్తారు.

"పోనివ్వనండి," అంది మార్తమ్మ గారు.

కూర్చునే అంది. తర్వాత లేచింది. "మొన్న మైకులో నవ్వించారు కదండీ దానియేలు గారూ. ఇది కూడా మైకులోనే చెప్పండి. ఆ ఫోనులో కూడా వినబడాలి."

ఆయన ఇటూ అటూ చూశారు. పాస్టరు గారు మైకు అందించారు. "సామ్యేలు గారు మన గుడి నుంచి వేసిన తీగలో..." అని ఆగి, దగ్గి, "ఏ లోపమూ లేదు. లోపం మనదే," అన్నారు. ఎవరూ నవ్వలేదు. వెనక వరసలో ఒకావిడ ఏడవడం వినిపించింది.

బయట ఎండలో మార్తమ్మ గారు చెప్పులు వేసుకుంటుంటే దగ్గరికి వెళ్ళాను. ఏం చెప్పాలని వెళ్ళానో నాకే తెలీదు. ఆవిడే అడిగింది. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

"మరి టీచర్ గారికి ఎవరు చెప్తారండీ?"

ఆవిడ గొడుగు విప్పుకుని, గట్టు మీద నడుచుకుంటూ వెళ్ళిపోయింది.